కొండనాలుక కనిపిస్తోందా?

పోయిన నెల షుగర్ ఉన్నవాళ్ళ పాదాల గురించి రాశాను కదా. అది చదివి పటాళం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. మన మిల్లులో వీవింగ్‌లో చేసి రిటైరైన మనిషి. "అమ్మా, పాదాల సంగతి సరే. నాకు హెర్నియా ఆపరేషన్ అంటున్నారు. మత్తు డాక్టరు వచ్చి నోరు తెరవమన్నాడు, నాలుక చాపమన్నాడు, టైలర్ లాగా టేపు పెట్టి మెడ కొలిచాడు. పొట్టలో జబ్బుకి మెడతో ఏం పని? నన్ను చూసి ఎగతాళి చేస్తున్నాడేమో అనిపించింది. నేను కొంచెం లావు మనిషినిలే" అన్నారు.

ఎగతాళి కాదు అన్నయ్యా. ఆ డాక్టరు తన పని సరిగ్గా చేశాడు. ఆ టేపు, ఆ నోరు తెరవమనడం మీ ప్రాణం కోసమే. ఈ నెల ఆ సంగతే రాస్తున్నాను. ఆపరేషన్ థియేటర్లో 28 ఏళ్ళు నర్సుగా నిలబడి చూసింది కొంత, మా ఇంట్లోనే జరిగింది కొంత. ఇంట్లో జరిగిన దాంట్లో నా తప్పు కూడా ఉంది. అదీ దాచకుండా రాస్తాను.

ముందు అసలు విషయం. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు మనిషి నిద్రపోవడమే కాదు, ఒళ్ళంతా సడలిపోతుంది. ఊపిరి తీసుకునే కండరాలు కూడా పని మానేస్తాయి. ఆ కాసేపు మన బదులు మత్తు డాక్టరే ఊపిరి పోయాలి. దానికి నోటి గుండా గాలిగొట్టంలోకి ఒక ట్యూబు వేస్తారు. లారింగోస్కోపు అని లైటున్న పరికరంతో నాలుకను పైకి ఎత్తితే, లోపల స్వరపేటిక వాకిలి కనిపిస్తుంది. ఆ వాకిట్లోంచి ట్యూబు వెళ్ళాలి. నూటికి తొంభైమందికి పైగా ఇది ఒక నిమిషం పని. మిగిలిన కొద్దిమందికి ఆ వాకిలి కనిపించదు. నాలుక అడ్డం వస్తుంది, మెడ వంగదు, నోరు తెరుచుకోదు. అటు ట్యూబు దిగక, ఇటు మాస్కుతో గాలీ వెళ్ళకపోతే, ఆ తరవాత ప్రతి నిమిషమూ గండమే.

లావుగా ఉన్నవాళ్ళకి ఈ గండం కొంచెం ఎక్కువ. ఎందుకో చెప్తాను. కొవ్వు పొట్ట మీదే కాదు, నాలుకలో, గొంతు గోడల్లో, గదవ కింద, మెడ వెనకాల కూడా పేరుకుంటుంది. మెలకువగా ఉన్నప్పుడు కండరాల బిగువు గొంతును తెరిచి ఉంచుతుంది. మత్తులో ఆ బిగువు పోయి గొంతు మూసుకుపోతుంది. రాత్రి గురక వచ్చేది కూడా ఇలాగే. ఇంకొకటి, వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు ఊపిరితిత్తుల్ని పైకి నొక్కుతుంది. అప్పుడు లోపల నిలవ ఉండే గాలి తగ్గిపోతుంది. మామూలు ఒళ్ళున్న మనిషికి ముందుగా మాస్కుతో ఆక్సిజన్ బాగా పట్టిస్తే, తరవాత ఊపిరి ఆగినా సుమారు ఆరు నిమిషాలు రక్తంలో ఆక్సిజన్ నిలబడుతుంది. బాగా లావున్న మనిషికి మూడు నిమిషాలు కూడా నిలబడదు. అంటే గొట్టం వెయ్యడం కష్టం, వెయ్యడానికి దొరికే టైమూ తక్కువ. రెండూ ఒకేసారి.

చాలా పరిశోధనలను కలిపి 2005లో చూసిన లెక్క ఒకటుంది. అందరినీ కలిపి చూస్తే 100 మందిలో సుమారు 6 మందికి ట్యూబు వెయ్యడం కష్టమైతే, లావుగా ఉన్నవాళ్ళలో సుమారు 16 మందికి కష్టమైంది. దీన్ని తిప్పి చూడండి. లావుగా ఉన్న 100 మందిలో 84 మందికి ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి బరువు చూసి భయపడక్కర్లేదు. ఆ 16 మంది ఎవరో ముందుగా పసిగట్టడమే అసలు పని.

ఇక్కడ మన తెలుగాయన ఒకరి గురించి చెప్పాలి. ప్రపంచంలో ఏ దేశంలో ఆపరేషన్‌కి వెళ్ళినా, మత్తు డాక్టరు మీ కాగితం మీద ఒక తెలుగు ఇంటిపేరు రాస్తాడు. అది మల్లంపాటి. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకుని అమెరికా వెళ్ళిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు గారు బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్లో మత్తు డాక్టరుగా పనిచేశారు. నోరు తెరిచి నాలుక చాపినప్పుడు కొండనాలుక కనిపించకపోతే, ఆ మనిషికి నాలుక మొదలు పెద్దదిగా ఉన్నట్టు. కొండనాలుకను దాచిన ఆ నాలుకే రేపు స్వరపేటికనూ దాచేస్తుంది. ఆయన ఊహ ఇంతే. 1983లో దీన్ని కెనడా వైద్య పత్రికకు చిన్న ఉత్తరంగా రాశారు. 1985లో 210 మంది రోగులను పరీక్షించి రుజువులతో వ్యాసం ఇచ్చారు. ఆయన మూడు తరగతులు చేస్తే, 1987లో ఇంగ్లండు డాక్టర్లు నాలుగోది కలిపారు.

మనకో సామెత ఉంది కదా, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని. ఇక్కడ కథ తిరగబడింది. కొండనాలుకను చూస్తే ప్రాణం నిలబడుతుంది.

ఆ పరీక్షకు మిషను అక్కర్లేదు, ఖర్చు లేదు. నిటారుగా కూచుని, తల తిన్నగా పెట్టి, నోరు వీలైనంత తెరిచి, నాలుక పూర్తిగా బయటికి చాపాలి. "ఆ" అనకూడదు. అంటే అంగిలి పైకి లేచి తప్పు లెక్క వస్తుంది. కొండనాలుక మొత్తం, దాని రెండు పక్కలా స్తంభాల్లాంటి మడతలు కనిపిస్తే ఒకటో తరగతి. కొండనాలుక కొన మాత్రం దాగితే రెండు. దాని మొదలు మాత్రమే కనిపిస్తే మూడు. అదీ లేక, గట్టి అంగిలి ఒక్కటే కనిపిస్తే నాలుగు. మూడు, నాలుగు వస్తే డాక్టరు జాగ్రత్త పడతాడు.

ఇక ఆ టేపు సంగతి. 2002లో బాగా లావుగా ఉన్న 100 మంది మీద ఒక పరిశోధన వచ్చింది. బరువు ఎంత అన్నదాన్ని బట్టి కష్టం తేలలేదట. మెడ ఎంత లావు, మల్లంపాటి తరగతి ఎంత, ఈ రెండింటిని బట్టే తేలింది. మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లుంటే కష్టపడే అవకాశం నూటికి 5. అదే 60 ఉంటే నూటికి 35. అందుకే 110 కిలోలున్నా మెడ సన్నగా ఉన్న ఆవిడకి సులువుగా పోవచ్చు, 85 కిలోలకే మెడ భుజాల్లో కలిసిపోయిన ఆయనకి కష్టం కావచ్చు. అన్నయ్యా, మీ మెడ కొలిచింది అందుకు.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా ఆడపడుచు ఉంది. నాకంటే పెద్దది, వదినా అని పిలుస్తాను. పేరు రాయొద్దంది, రాయను. పొట్టి మనిషి, 155 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. లెక్క మీరే వేసుకోవచ్చు. బరువు కిలోల్లో, ఎత్తు మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. వదినకి 38 దాటింది. మన దేశం వాళ్ళకి 23 దాటితే బరువు ఎక్కువనీ, 25 దాటితే స్థూలకాయమనీ డాక్టర్ల లెక్క.

తొమ్మిదేళ్ళ కిందట వదినకి బొడ్డు దగ్గర హెర్నియా వచ్చింది. ఇంటికి దగ్గర అని ఒక నర్సింగ్ హోములో చేరింది. ఏ నర్సింగ్ హోము అన్నది ఇక్కడ అనవసరం. నేను ఆ రోజు నైట్ డ్యూటీలో ఉన్నాను. పొద్దున వెళ్ళి చూస్తే వదిన మంచం మీద కూచుని ఉంది, ఆపరేషన్ జరగలేదు. "పడుకోబెట్టారు, లేపేశారు, ఇవాళ కాదన్నారు" అంది. పై పెదవి వాచి ఉంది. ముందు పన్ను సగం విరిగింది. గొంతు బొంగురు.

ఒక్క చూపులో నాకు అర్థమైపోయింది. అలాంటి పెదవులు డ్యూటీలో చూశాను. ట్యూబు దిగలేదు, చాలాసార్లు ప్రయత్నించి ఉంటారు, చివరికి మత్తు దించి లేపేశారు. లేపడం వాళ్ళు చేసిన మంచి పనే, ఆ మాట ఒప్పుకోవాలి. ముందురోజు ఎవరూ వదిన నోరు చూడలేదట, ఆ మాటా చెప్పాలి. చేతికిచ్చిన కాగితం మీద "ఆపరేషన్ వాయిదా" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు నేను చెయ్యాల్సింది ఒకటే. లోపలికి వెళ్ళి, ఏం జరిగిందో రాసివ్వండి అని అడగాలి. అడగలేదు. మా ఆయన వైపు వాళ్ళు, అడ్వాన్సు సగం తిరిగి ఇచ్చారు, గొడవ వద్దన్నారు. నేనూ, బతికి ఇంటికొచ్చింది చాలు అనుకున్నాను. వదిన బెల్టు పెట్టుకుని హెర్నియాతోనే ఉండిపోయింది. విరిగిన పన్ను గురించి ఎవరైనా అడిగితే బాత్రూంలో జారిపడ్డానని చెప్పేది.

కిందటేడు పిత్తాశయంలో రాళ్ళు. నొప్పి, జ్వరం, ఇక తప్పదన్నారు. వేరే ఆసుపత్రి. ఆపరేషన్‌కి వారం ముందు మత్తు డాక్టరు చూసే గదిలో కూచున్నాం. వదిన, వదిన కోడలు, నేను. డాక్టరు చిన్న వయసు అమ్మాయి, తమిళంలో ఓపిగ్గా అడుగుతోంది.

"ఇంతకుముందు ఎప్పుడైనా మత్తు ఇచ్చారా అమ్మా?"

"లేదు" అంది వదిన.

"గురక పెడతారా?"

"లేదు."

"పళ్ళేమైనా కదులుతున్నాయా, విరిగాయా?"

"బాత్రూంలో పడ్డాను."

కోడలు తల దించుకుని ఫోను చూసుకుంటోంది. వదిన గురక పక్క వాటా వాళ్ళకి కూడా తెలుసు. కానీ కోడలి ముందు, గొంతులో కొవ్వుందని ఒకసారి లేపి పంపేశారని చెప్పుకోవడం ఆవిడకి తల కొట్టేసినట్టుగా ఉంది. నాకు ఆ సిగ్గు అర్థమైంది. ఒక నిమిషం నేనూ నోరు మూసుకునే కూచున్నాను. తరవాత ఆ వాచిన పెదవి గుర్తొచ్చింది. ఈసారి లేపలేకపోతే?

"డాక్టరమ్మా, తొమ్మిదేళ్ళ కిందట మత్తిచ్చారు. ట్యూబు దిగలేదు. పన్ను అప్పుడు విరిగిందే. గురక ఉంది, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంది" అని చెప్పేశాను.

వదిన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఆ డాక్టరమ్మ మాత్రం పెన్ను కింద పెట్టి, "ఇది చెప్పారు చూడండి, మిగతా పరీక్షలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు" అంది. నిజమే. నోరు, మెడ, బరువు అన్నీ ఊహకు ఆధారాలు. ముందొకసారి కష్టమైందన్నది మాత్రం జరిగిన విషయం. దాన్ని మించిన గుర్తు లేదు.

అప్పుడు అన్నీ చూసింది. మల్లంపాటి నాలుగు. మెడ 44 సెంటీమీటర్లు. గదవ కొన నుంచి గొంతు ముడి దాకా దూరం కొలిచింది, అది ఆరు సెంటీమీటర్లకు తక్కువుంటే ఇబ్బందట. కింది పళ్ళతో పై పెదవి కొరకమంది. నోట్లో మూడు వేళ్ళు నిలువునా పడతాయా అని చూసింది. తల వెనక్కి వంచమంది. తరవాత ఇలా చెప్పింది: "మీకు నిద్రపుచ్చాక ట్యూబు వెయ్యం. మెలకువగా ఉండగానే గొంతుకు మొద్దుబారే మందు కొట్టి, సన్నటి కెమెరా గొట్టంతో దారి చూసుకుంటూ వేస్తాం. అది సరిగ్గా పడ్డాకే నిద్ర."

ఆ రోజు వదినని వెల్లకిలా పడుకోబెట్టలేదు. వీపు కింద, భుజాల కింద దుప్పట్లు, దిళ్ళు మెట్లు మెట్లుగా పేర్చి, చెవి రంధ్రం రొమ్ము ఎముక పైకొనతో ఒకే మట్టానికి వచ్చేలా కూచోబెట్టినట్టు పడుకోబెట్టారు. ఇద్దరు మత్తు డాక్టర్లున్నారు. కెమెరా గొట్టం నడిపించింది ఒకరు, వదిన చెయ్యి పట్టుకుని మాట్లాడుతూ ఉంది ఇంకొకరు. "కళ్ళలో నీళ్ళొచ్చాయి, దగ్గొచ్చింది, కానీ భయం వెయ్యలేదు. ఏం చేస్తున్నారో ముందే చెప్పారు కదా" అని వదిన తరవాత అంది. తరవాత అంటే రెండు నెలల తరవాత. అప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

ఒక మాట చెప్పాలి. ఈ పరీక్షలేవీ నూటికి నూరు పాళ్ళు నిజం చెప్పవు. అన్నీ బాగున్నాయనుకున్న సన్నటి మనిషికీ ఒక్కోసారి కష్టమవుతుంది. అందుకే మంచి మత్తు డాక్టరు మొదటి దారి మూసుకుపోతే రెండోది, అదీ పోతే మూడోది ముందే ఆలోచించి పెట్టుకుంటాడు. హైదరాబాదులో 1888, 1889లో నిజాం ఖర్చుతో క్లోరోఫాం మీద రెండు కమిషన్లు నడిచాయి. దాన్ని నడిపించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ మత్తిచ్చేవాళ్ళకి చెప్పింది, ఊపిరి మీద కన్నేసి ఉంచమని. ఆ పనిలో క్లోరోఫాం ఇచ్చినవాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా ఆవిడను చెప్పుకుంటారు. అప్పటికీ ఇప్పటికీ మందులు మారాయి, మిషన్లు మారాయి. ఊపిరి ముందు అన్నది మారలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే, అది అయనావరం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి అయినా, స్టాన్లీ అయినా, జి.హెచ్. అయినా, ప్రైవేటు అయినా, ఈ సంగతులు అడక్కపోయినా చెప్పండి:

గురక, నిద్రలో ఊపిరి ఆగడం. ఇది నిద్రపోయేవాళ్ళకి తెలియదు, పక్కన పడుకునేవాళ్ళే చెప్పాలి. కాబట్టి భార్యో భర్తో వెంట వెళ్ళండి.

ముందు ఎప్పుడైనా మత్తిచ్చారా, అప్పుడేమైనా తేడా వచ్చిందా, లేచాక పన్ను విరగడం, పెదవి వాయడం, గొంతు బాగా నొప్పి ఉన్నాయా.

కట్టుడు పళ్ళు, కదిలే పళ్ళు. పళ్ళ సెట్టు ఉంటే దాచకండి, తీసిస్తారు. గడ్డం ఉన్నవాళ్ళకి మాస్కు సరిగ్గా పట్టదు, తీయమంటే తీసేయండి.

మిల్లు పని. మా నాన్న కార్డింగులో చేశారు, సెలవు తరవాత మొదటి రోజు ఛాతీ పట్టేసేది. బ్లో రూము, కార్డింగు, స్పిన్నింగులో దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు మత్తు డాక్టరుకి తెలియాలి. మిల్లు 1996లో మూతపడిందని ఆ దుమ్ము లెక్క మూతపడలేదు.

తిండి. గట్టి ఆహారం ఆపరేషన్‌కి కనీసం 6 గంటల ముందు ఆపాలి, నూనెవీ వేపుళ్ళూ అయితే 8 గంటలు. మంచినీళ్ళు మామూలుగా 2 గంటల ముందు దాకా. మీ డాక్టరు చెప్పిన టైమే ఖాయం. బరువు తగ్గడానికో షుగర్‌కో వారానికొక ఇంజెక్షన్ వేసుకుంటుంటే తప్పకుండా చెప్పండి, కొన్ని మందులతో పొట్ట తొందరగా ఖాళీ కాదు.

నిద్రపుచ్చే ముందు ముఖానికి మాస్కు గట్టిగా పెడితే ఊపిరాడట్లేదని తోసెయ్యకండి. అది ఆక్సిజన్. మెల్లగా, లోతుగా పీల్చండి. మీరు పీల్చే ప్రతి ఊపిరీ డాక్టరుకి ఇంకొంచెం టైము ఇస్తుంది.

ఆఖరిది, అన్నింటికంటే ముఖ్యం. ట్యూబు వెయ్యడం కష్టమైందని తెలిస్తే, ఏం జరిగింది, చివరికి ఏ పద్ధతి పనికొచ్చింది అని రాయించుకోండి. బతిమాలక్కర్లేదు, అడగండి. 1918లో ఈ పెరంబూరులోనే మద్రాసు లేబర్ యూనియన్ పెట్టినవాళ్ళ మనవలం, మనవరాళ్ళం. అడగడానికి మొహమాటం మనకెందుకు? ఈ మాట తొమ్మిదేళ్ళ కిందట నాకు నేను చెప్పుకోవాల్సింది.

వదినకి ఆ డాక్టరమ్మ ఒక పేజీ ఉత్తరం రాసిచ్చింది. కోడలు దాన్ని లామినేషన్ చేయించి, రేషన్ కార్డు, ఆధార్ కార్డు ఉండే ప్లాస్టిక్ కవరులో పెట్టింది. ఒక ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకీ పంపింది. రేపు వదిన ఎక్కడైనా స్పృహ తప్పి పడిపోయినా, ఆ కాగితం ఆవిడ బదులు మాట్లాడుతుంది.

ఇది రాయనా అని వదినని అడిగాను. కాసేపు ఆలోచించి, "పేరు మాత్రం రాయకు. మెడ కొలత రాసుకో, ఎవరికైనా పనికొస్తుంది" అంది. రాశాను వదినా.

పటాళం అన్నయ్యా, ఆపరేషన్ అయ్యాక ఫోన్ చెయ్యండి. వచ్చే నెల మోకాళ్ళ నొప్పుల గురించి.